బండిలో లోపమేమీ లేదు

నెల్లిమొట్టె ఘాటు రోడ్డు మొదలయ్యే చోట మాచయ్య గ్యారేజీ ఉంది. పెద్దదేమీ కాదు. నాలుగు దుంగల మీద రేకులు, నూనె తాగి నల్లబడ్డ నేల, గోడకి వరసగా పానాలు, మూల స్టవ్వు మీద ఎప్పుడూ కాఫీ. మాచయ్య పట్టాళంలో ఇరవై రెండేళ్ళు బళ్ళు బాగుచేసి హవల్దారుగా రిటైరై కొడగుకి తిరిగొచ్చినవాడు. చెవి పెట్టి వింటే చాలు, బండి జబ్బేమిటో చెప్పేస్తాడని చుట్టుపక్కల కాఫీ తోటలవాళ్ళకి నమ్మకం.

జూలై మూడో వారం. వాన పట్టుకుని పదకొండు రోజులైంది. మధ్యాహ్నం ఒంటిగంటకే గ్యారేజీలో బల్బు వేసుకోవాల్సి వచ్చింది. కొండ మీంచి దిగిన మంచు ఎదుటి మిరియాల తీగల దాకా వచ్చి ఆగింది. అప్పుడే దేచమ్మ తెల్లబండి ముక్కుతూ మూలుగుతూ వాకిట్లోకి తిరిగి, తిరిగీ తిరగ్గానే ఠక్కున ఆగిపోయింది.

"చూశావా అన్నా, సరిగ్గా నీ గుమ్మంలోకొచ్చి చచ్చింది. దీనికి సిగ్గూశరం లేదు," అంటూ గొడుగు విప్పుకుని దిగింది దేచమ్మ.

ఆమె సబ్‌సెంటర్లో నర్సు. పై తోటల్లో కూలీల లైను ఇళ్ళకి తిరిగి పసిపిల్లలకి సూదులేస్తుంది. బస్సు వెళ్ళని రోడ్లన్నీ ఆ బండిలోనే తిరుగుతుంది.

"వేడెక్కాకే ఆగుతోందా?"

"అరగంట నడుస్తుంది, ఆగుతుంది. కాసేపు చల్లారనిస్తే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. దీనికంటే మా ఆయన నయం. వేడిగా ఉన్నా చల్లగా ఉన్నా ఒకే తీరు. కదలడు."

మాచయ్య నవ్వి బానెట్ ఎత్తాడు.

కార్బురేటర్లు పోయి పెట్రోలు ఇంజెక్షను బళ్ళొచ్చిన కొత్తలో తయారైన చిన్న కారది. లోపల కంప్యూటరుంది. అయితే ఇప్పటి బళ్ళలా మిషను తగిలించగానే కథంతా తెర మీద చదివి వినిపించేది కాదు. డాష్‌బోర్డు కింద రెండు పిన్నుల్ని తీగముక్కతో కలిపితే పసుపుపచ్చ దీపం మిణుకుమిణుకుమంటుంది. ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టుకుని రోగం పోల్చుకోవాలి. మాచయ్య తీగ కలిపాడు. ఒకటి. ఆగి, రెండు. మళ్ళీ ఒకటి. ఆగి, రెండు.

"ఏమంటోంది?" అంది దేచమ్మ.

"లోపమేమీ లేదంటోంది."

"అబద్ధాలకోరు."

"అబద్ధం కాదే తల్లీ. దానికి తెలిసినంత అది చెప్తోంది. తెలియంది మనం వెతకాలి."

ప్లగ్గు ఊడదీసి చూశాడు. నిప్పురవ్వ లేదు. పెట్రోలు పంపు చప్పుడు విన్నాడు, బాగానే ఉంది. ఇక అనుమానం ఒక్కదాని మీదే. గేరుబాక్సు నెత్తిన బొటనవేలంత నల్లటి బొడిపె ఉంటుంది, క్రాంక్ సెన్సర్. ఇంజను తిరుగుతున్న సంగతి కంప్యూటరుకి చెప్పేది అదే. అది నోరు మూసుకుంటే నిప్పూ ఉండదు, పెట్రోలూ రాదు. దాన్ని విప్పి మీటరు పెట్టాడు. కొలత సరిగానే ఉంది. తర్వాత ప్లాస్టిక్ సంచిలో చుట్టి కాగే నీళ్ళలో ముంచాడు. రెండు నిమిషాలు గడిచేసరికి మీటరు ముల్లు వాలిపోయింది.

"ఇదీ దొంగ. వేడి తగిలితే మూగదైపోతోంది."

"కొత్తది వెయ్యి మరి."

"దీనికి కొత్తవి ఎక్కడివే? మైసూరులో చెప్పిపెడితే పది రోజులు."

దేచమ్మ ముఖం మాడిపోయింది. "పై లైన్లలో ముప్పైమంది పిల్లలున్నారన్నా. పోయిన వారం కూడా వెళ్ళలేకపోయాను. తల్లులు నాలుగింటికి పనిదిగి కాచుకుని ఉంటారు. మందుల పెట్టెలో ఐసు సాయంత్రం దాకానే."

మాచయ్య చూపు గ్యారేజీ వెనక, టార్పాలిను కప్పి ఉన్న తుక్కుబండి మీదికి పోయింది. ఇదే రకం బండి. నీలంరంగుది. వెనక సగం అట్టపెట్టెలా నలిగిపోయింది. ఇంజను మాత్రం చెక్కుచెదరలేదు.

అది కాఫీ తోట పూణచ్చ కారు. రెండేళ్ళ కిందట ఇలాంటి వానలోనే పూణచ్చ నెల్లిమొట్టె పెద్దమలుపులో నడిరోడ్డున బండి ఆపుకుని కూర్చున్నాడు. కొండ జారింది. మట్టిలోంచి శవాన్ని తీయడానికి తొమ్మిది రోజులు పట్టింది. "అంత వానలో, అలాంటి చోట బండెందుకు ఆపుకున్నాడయ్యా?" అని ఊరంతా అడిగింది. జవాబు మాచయ్యకి తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

కొండ జారిన రోజు మధ్యాహ్నమే పూణచ్చ బండి తీసుకుని ఇక్కడికే వచ్చాడు. నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది మాచయ్యా, చూడు, అన్నాడు. మాచయ్య ఇంట్లో పందిమాంసం ఉడుకుతోంది. స్నేహితులు పేకముక్కలు పంచుకుని కూర్చున్నారు. మాచయ్య ఆ సెన్సర్ తీగని పీకి, గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టాడు. అంతే చేశాడు. కాగే నీళ్ళూ లేవు, మీటరూ లేదు. "బండిలో లోపమేమీ లేదు, ధైర్యంగా వెళ్ళు," అని భుజం తట్టి పంపేశాడు. సాయంత్రం ఫోను మూడుసార్లు మోగింది. పూణచ్చ పేరు చూశాడు. చేతిలో మంచి ముక్కలున్నాయి... ఎత్తలేదు.

తర్వాత పూణచ్చ తమ్ముడు ఆ బండిని తుక్కు కింద ఇస్తానంటే మాచయ్యే తీసుకున్నాడు. ఎందుకు తీసుకున్నాడో అతనికే తెలియదు. రెండేళ్ళుగా దాని మీద చెయ్యి వెయ్యలేదు.

"ఒక్క నిమిషం ఉండు," అని పానా తీసుకుని వానలోకి వెళ్ళాడు.

టార్పాలిను ఎత్తగానే పచ్చిమట్టి వాసన గుప్పుమంది. రెండేళ్ళ మట్టి వాసన కాదు. ఇప్పుడే తవ్విన మట్టి, తెగిన వేళ్ళ వాసన. వానాకాలం కదా అనుకున్నాడు. సెన్సర్ విప్పి తెచ్చాడు. చల్లగా కొలిచాడు, బాగుంది. కాగే నీళ్ళలో ముంచి రెండు నిమిషాలు చూశాడు. ఐదు. పది. ముల్లు కదల్లేదు. తీసి చల్లార్చి మళ్ళీ ముంచాడు. కదల్లేదు.

మాచయ్య అలాగే ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. సెన్సర్ బంగారంలా ఉంది. అంటే ఆ రోజు తను చెప్పింది నిజమేనన్నమాట. బండిలో లోపమేమీ లేదు. పూణచ్చ చావుకి తను కారణం కాదు. రెండేళ్ళుగా గుండెల మీదున్న బండరాయి కాస్త జరిగినట్టయింది.

"ఏంటన్నా, ఏడుస్తున్నావా?"

"పొయ్యి ఆవిరి," అన్నాడు మాచయ్య. "పద, బిగించేస్తా. నేనూ వస్తాను నీతో. నువ్వే నడుపు, నేను ఇంజను చప్పుడు వినాలి."

ఆ సెన్సర్ ఎవరిదో ఆమె అడగలేదు. అతను చెప్పలేదు.

*

మందుల పెట్టెని మాచయ్యే వెనకసీటు మధ్యలో కుదురుగా పెట్టాడు. మూడున్నరకి బయల్దేరారు. బండి గడియారంలా నడిచింది. అరగంట దాటినా ఎక్కడా తడబాటు లేదు. దేచమ్మ పాట కూడా అందుకుంది.

"హవల్దారన్నా, నీకు పై లైన్లలో కోడికూర పెట్టిస్తాలే."

"ముందు పెద్దమలుపు దాటనీ."

పెద్దమలుపు దగ్గరికి వచ్చేసరికి మంచు అద్దాన్ని కప్పేసింది. రోడ్డుకి ఎడమ పక్క కొండ, కుడి పక్క ఏమీ లేదు. కింద ఎక్కడో వాగు హోరు. రెండేళ్ళ కింద జారిన చోట కొండకి వేసిన వలలో ఎర్రమట్టి కారుతోంది. మలుపు సగం తిరిగారు...

ఇంజను ఆగింది. దగ్గు లేదు, కుదుపు లేదు. ఎవరో నోటి మీద చెయ్యి పెట్టి నొక్కినట్టు, అంతే.

దేచమ్మ తాళం తిప్పింది. స్టార్టర్ గిర్రున తిరిగింది గాని ఇంజను అందుకోలేదు.

"ఆగు, నేను దిగి చూస్తా," అన్నాడు మాచయ్య.

బానెట్ ఎత్తి టార్చి వేశాడు. తీగలన్నీ బిగుతుగానే ఉన్నాయి. ఒక ప్లగ్గు తీగ పీకి, "తిప్పు" అని కేకేశాడు. నిప్పు లేదు. మళ్ళీ ఆ వాసన వచ్చింది. పచ్చిమట్టి, తెగిన వేళ్ళు. కొండల్లో పుట్టినవాడికి ఆ వాసన ఎప్పుడొస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. తల తిప్పి పైకి చూశాడు. మంచు తప్ప ఏమీ కనబడలేదు.

అప్పుడు మాటలు వినిపించాయి.

బండి లోపల దేచమ్మ మాట్లాడుతోంది. బానెట్ సందులోంచి చూశాడు. ఆమె వెనక్కి తిరిగి, తలాడిస్తూ, నవ్వుతూ చెప్తోంది. ఫోను అనుకుందామంటే, రెండేళ్ళ కింద కొండ జారి టవరు పోయినప్పటినుంచీ ఇక్కడ సిగ్నలు లేదు. అవతలి మైలురాయి దాకా వెళ్తేనే అదీ ఒక్కోసారి. వెళ్ళి ఆమె కిటికీ తట్టాడు. అద్దం రెండు వేళ్ళ మేర దిగింది.

"మెల్లగా మాట్లాడన్నా," అంది గుసగుసగా. "ఇప్పుడే కునుకు పట్టింది."

"ఎవరికి?"

"పిల్లకి."

"ఏ పిల్ల?"

"అదేంటి? ఇందాక దిగినప్పుడు నువ్వే కదా వెనక తలుపు తీసి ఎక్కించావు."

మాచయ్య వెనకసీటు వైపు చూశాడు. ఎవరూ లేరు. మధ్యలో పెట్టిన మందుల పెట్టె మాత్రం ఆ చివరికి జరిగి ఉంది. ఈ పక్క మెత్త... కిందికి నొక్కుకుని ఉంది.

"పాపం, ఒళ్ళు ఐసుగడ్డలా ఉంది," దేచమ్మ గుసగుసలాడింది. "లైన్లలో పిల్లే అయ్యుంటుంది. నిన్ను ఎరుగుదునంది. పోయినసారి ఎంత పిలిచినా ఆ మావ రాలేదు, ఇవాళ వచ్చాడు అంది. ఎప్పుడు పిలిచిందన్నా నిన్ను?"

మాచయ్య బానెట్ దగ్గరికి పరుగెత్తాడు. ఆ సెన్సర్... పూణచ్చది... దాన్ని బండిలోంచి తీసెయ్యాలి. ఇంకేమీ తోచలేదు. పానా జారింది, మళ్ళీ పట్టుకున్నాడు. బోల్టు ఊడింది. తీగతో సహా లాగేశాడు. సెన్సర్ చేతిలోకి వచ్చింది.

లోపల దేచమ్మ మరోసారి తాళం తిప్పింది.

ఇంజను స్టార్టయింది.

మాచయ్య కదలకుండా నిలబడిపోయాడు. ఇరవై రెండేళ్ళ పట్టాళంలో గాని, ఆ తర్వాత గాని అలాంటిది చూడలేదు. ఆ సెన్సర్ లేకుండా ఆ ఇంజనుకి నిప్పు పుట్టదు. అది అతని గుప్పిట్లో ఉంది. ఇంజను మాత్రం మెత్తగా, సమంగా, ఏ లోపమూ లేకుండా తిరుగుతోంది.

"దొరికిందా అన్నా? ఎక్కు ఎక్కు!"

"దిగు దేచమ్మా..."

"ఏంటీ?"

"బండి దిగు. వెనక ఎవరూ లేరు. దిగు!"

ఆమె వెనక్కి చూసింది. మళ్ళీ అతని వైపు చూసింది. జ్వరంలో పలవరించే రోగిని చూసే చూపది. "తడిసి ముద్దయ్యావన్నా. ముందు ఎక్కు."

ఆ తర్వాతి సంగతి మాచయ్య పోలీసులకి చెప్పాడు, దేచమ్మ మొగుడికి చెప్పాడు, ఎవరడిగినా చెప్పాడు. తలుపు తీసి ఆమె చెయ్యి పట్టి లాగితే అయిపోయేది. రెండడుగుల దూరం. కానీ కాళ్ళు ముందుకి పడలేదు, వెనక్కి పడ్డాయి. చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ బానెట్ మూసేసింది.

"సరే, ఆ మైలురాయి దగ్గర నిలబడు," అంది దేచమ్మ. "పిల్లని ఇంట్లో దింపి, సూదులు వేసేసి నీకోసం వస్తా. వణికిపోతోంది పాపం."

వెనక దీపాలు రెండూ మంచులో ఎర్రగా అలుక్కుపోయాయి. బండి మలుపు తిరిగింది. చప్పుడు వింటూ నిలబడ్డాడు. రెండో గేరు... మూడు... ఎక్కడా తడబాటు లేదు.

తర్వాత పైనుంచి మరో చప్పుడు. బస్తాలకొద్దీ కాఫీగింజలు కళ్ళంలో కుమ్మరిస్తున్నట్టు, మెల్లగా మొదలై, ఆగకుండా... ఆగకుండా...

అతను మలుపు తిరిగేసరికి రోడ్డు లేదు. ఎర్రమట్టి, నిలువునా పడ్డ చెట్లు, వాటి మీద వాన. ఎక్కడ తవ్వాలో తెలియలేదు. అప్పుడు వినబడింది. కాళ్ళ కింద, చాలా లోతులో, ఇంజను నడుస్తోంది. మెత్తగా. సమంగా. మాచయ్య చేతులతో తవ్వాడు. గోళ్ళు ఊడాయి. అరగంట తవ్వాడు. ఆ అరగంటా ఇంజను తిరుగుతూనే ఉంది. అంత మట్టి కింద, గాలి లేని చోట.

తర్వాత అదీ ఆగింది.

*

మూడో రోజు బండిని తీశారు. దేచమ్మ డ్రైవరు సీట్లోనే ఉంది. ముఖం రోడ్డు వైపు లేదు, వెనకసీటు వైపు తిరిగి ఉంది. అంత చలిలోనూ ఒంటి మీద స్వెట్టరు లేదు. అది వెనకసీటు మీద పరిచి ఉంది, పడుకున్న పిల్లకి దుప్పటి కప్పినట్టు, అంచులన్నీ శ్రద్ధగా లోపలికి మడిచి. దాని కింద ఎవరూ లేరు.

మాచయ్య సెన్సర్ని ఎస్సై బల్ల మీద పెట్టాడు. "ఇది లేకుండా ఆ బండి అడుగు కదల్దు సార్. రాసుకోండి."

ఎస్సై దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేశాడు. "ఇంటికెళ్ళి పడుకో మాచయ్యా. నీ తప్పేం లేదు," అన్నాడు జాలిగా.

అతను పడుకోలేదు. గ్యారేజీ తెరవలేదు. పదకొండో రోజు స్కూటరు తీసి, వానలోనే పూణచ్చ ఇంటికి బయల్దేరాడు. ఉన్న సంగతి ఒక్కరికైనా పూర్తిగా చెప్పుకోవాలనిపించింది. పూణచ్చ భార్య ముత్తమ్మని ఈ రెండేళ్ళలో దారిలో ఎదురైనా తప్పుకుని తిరిగాడు.

ముత్తమ్మ వరండాలో మిరియాలు ఏరుతోంది. స్కూటరు ఆగగానే లేచి నిలబడింది.

"అయ్యో, తడుస్తున్నారు. లోపలికి రండి, రండి," అని లోపలికి వెళ్ళిపోయింది.

మాచయ్య వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. ఆమె పళ్ళెంలో రెండు కాఫీలూ, ఒక చిన్న గ్లాసులో పాలూ పట్టుకొచ్చింది. కాఫీ అతని చేతికిచ్చి, పాలగ్లాసు బల్ల మీద పెట్టి, తన కాఫీ తీసుకుని ఎదురుగా కుర్చీలో కూర్చుంది. పాలు ఆమె కొడుక్కి కాబోలు అనుకున్నాడు. అతని మనసు గ్లాసుల మీద లేదు.

తలెత్తకుండా చెప్పేశాడు. పేకాట, గుడ్డతో తుడిచిన తీగ, "లోపమేమీ లేదు" అన్న మాట, మోగిన ఫోను. పూణచ్చ సంగతి ఒక్కటే చెప్పాడు. దేచమ్మ ఎవరితో మాట్లాడిందో చెప్పడానికి నోరు రాలేదు.

రేకుల మీద వాన.

"మీరు ఎత్తలేదని నాకు తెలుసు మాచయ్యన్నా," అంది ముత్తమ్మ. "ఆయన నాకూ చేశారు ఆ రోజు."

"ఏమన్నాడమ్మా?"

"మాచయ్య ఎత్తట్లేదు, ఏం పర్లేదు అన్నారు. వానలో ఒక పిల్ల నిలబడి ఉంటే ఎక్కించుకున్నానన్నారు. ఎవరి పిల్లండీ అంటే, అడిగితే చెప్పట్లేదు, మెకానిక్ మావ వస్తాడా అని అదే మాట అడుగుతోంది అని నవ్వారు. నాకెందుకో భయమేసింది. బండి వదిలేసి నడిచొచ్చెయ్యండి అన్నాను. నిద్రపోతోంది, లేపడమెందుకు అన్నారు." ఆమె కప్పు ఒళ్ళోకి దించుకుంది. "తొమ్మిది రోజులు తవ్వారు కదా. పిల్ల లేదు. ఏ ఊళ్ళోనూ పిల్ల తప్పిపోలేదు. నాకు మతి చలించిందనుకున్నారందరూ. నేనూ చెప్పడం మానేశాను."

మాచయ్య చేతిలో కాఫీ చల్లారిపోయింది. పచ్చిమట్టి వాసన... తోటలోంచే అయ్యుండాలి. చుట్టూ తోటే కదా.

"మీ అబ్బాయి ఇంట్లో ఉన్నాడా అమ్మా?" అన్నాడు.

"లేడు, మైసూరు హాస్టల్లో ఉన్నాడు. ఎందుకు?"

ముత్తమ్మ చూపు అతని ముఖం మీంచి మెల్లగా పక్కకి, బల్ల మీద అతని పక్కనున్న చోటుకి జరిగింది. నోటిదాకా ఎత్తిన కప్పు అక్కడే ఆగిపోయింది.

"మరి... స్కూటరు మీద మీ వెనకాల కూర్చుని వచ్చిందే..."

మాచయ్య తల తిప్పలేదు. కళ్ళు మాత్రం దించాడు. పాలగ్లాసు అతని మోకాలి పక్కనే ఉంది. ఖాళీగా. లోపలి గోడ వెంట మీగడ ఇంకా కిందికి జారుతోంది.